తుపాకీ పట్టుకున్నవాడు ఎవరి కొడుకో చూడండి

"లక్షల మంది రోడ్డెక్కినా కొన్ని ప్రభుత్వాలు చెక్కుచెదరవు, కొన్ని మాత్రం రోజుల్లోనే కూలిపోతాయి, ఎందుకు?" అనేది ప్రశ్న. దీనికి నిరుద్యోగం, ధరలు, ఫేస్‌బుక్ అంటూ పెద్ద పెద్ద జవాబులు చెప్తారు. నా జవాబు చిన్నది. లాఠీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ పోలీసు ఎవరో చూడండి. ఆ గుంపులో వాడి తమ్ముడో మేనమామో ఉండే అవకాశం ఉంటే ప్రభుత్వం పని అయిపోయినట్టే. లేకపోతే ఎంత జనం వచ్చినా ఏమీ కాదు.

2011లో నేను బహ్రెయిన్‌లో సప్లయ్ వ్యాన్ నడిపేవాడిని. మాది జగిత్యాల దగ్గర పల్లె, మా వైపు ఏజెంటుకు అప్పు చేసి కట్టి గల్ఫ్‌కు పోవడం, అక్కడ చేసిన కష్టమంతా ఆ అప్పుకు వడ్డీ కట్టడం మామూలే (ఏజెంట్ల సంగతి మొదలుపెడితే ఈ జవాబు రేపటిదాకా సాగుతుంది, వదిలేయండి). పాలు, పెరుగు, జ్యూస్ డబ్బాలు కోల్డ్ స్టోర్లకు వేయడం నా పని. అక్కడ చిన్న కిరాణా కొట్టును కోల్డ్ స్టోర్ అంటారు, ఎక్కువగా మలయాళీలే నడుపుతారు.

ఫిబ్రవరి 14న ప్రభుత్వానికి వ్యతిరేకంగా గొడవ మొదలైంది. దానికి మూడు రోజుల ముందే ఈజిప్టులో ముబారక్ దిగిపోయాడు, ట్యునీషియా బెన్ అలీ జనవరిలోనే సౌదీకి పారిపోయాడు. ఇక్కడి రాజు ముందుజాగ్రత్తగా కుటుంబానికి వెయ్యి దినార్లు ఇస్తానన్నాడు, అయినా జనం వచ్చి రాజధాని మనామాలోని లూలూ రౌండబౌట్‌లో టెంట్లు వేసేశారు. ఆరు తెరచాపలు కలిసి ఒక ముత్యాన్ని మోస్తున్నట్టు పెద్ద స్తంభం ఉండేది అక్కడ. మార్చిలో ఫైనాన్షియల్ హార్బర్ అనే ఆఫీసు టవర్ల ముందు జనం ఒక్క దినార్ నోట్లు పైకెత్తి ఊపారు. ఆ స్థలాన్ని ప్రధానమంత్రి ఒక్క దినార్‌కు దక్కించుకున్నాడని వాళ్ల ఆరోపణ. ఆయన రాజుగారికి సొంత బాబాయి, 1970ల మొదటి నుంచీ అప్పటిదాకా అదే కుర్చీలో ఉన్నాడు. అప్పట్లో దేశ పౌరులు మొత్తం కలిపి ఆరు లక్షలు కూడా లేరు, అందులో లక్ష మందికి పైగా ఒకే ఊరేగింపులో నడిచారని చెప్పుకున్నారు. అంత చిన్న దేశంలో అంత జనం! జనాభా లెక్కన చూస్తే కైరో ఏ మూలకు? అయినా రాజు పోలేదు.

ఎందుకు పోలేదో నాకు ఒకే వారంలో అర్థమైంది. మార్చి 13 ప్రాంతంలో దిరాజ్ వైపు లోడ్‌తో పోతుంటే, రోడ్డుకు అడ్డంగా చెత్తడబ్బాలు పెట్టి, కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపారు. ఒకడు కిటికీలోంచి తల లోపలికి పెట్టి "బాకిస్తానీ?" అన్నాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. పాకిస్తానీలను పట్టుకుని కొడుతున్నారని రూంలో అప్పటికే వింటున్నాం. "హిందీ, హిందీ" (అరబ్బీలో ఇండియన్ అని) అంటూ సీపీఆర్ అనే గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. వాడు చూసి పక్కవాడికి ఇచ్చాడు, పక్కవాడు నా మొహాన్నీ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు, చివరికి "సారీ సదీఖ్" (సారీ దోస్త్) అని భుజం తట్టాడు. ఒక పెరుగు డబ్బా అడిగి తీసుకుని డబ్బులు కూడా ఇచ్చాడు.

కూలి పని చేసుకునే పాకిస్తానీ వాళ్లకేం చేశాడు? ఏమీ చేయలేదు. ఆ కొట్టడాన్ని నేను ఏనాడూ సమర్థించను. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. అక్కడి పోలీసుల్లో పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్, యెమెన్, సిరియా, జోర్డాన్ నుంచి తెచ్చిపెట్టుకున్నవాళ్లు చాలామంది. దేశ పౌరుల్లో ఎక్కువమంది షియాలు, రాజకుటుంబం సున్నీ. షియా కుర్రాడికి పోలీసులోనో సైన్యంలోనో ఉద్యోగం దొరకడం గగనం.

ఆ తర్వాత కర్ఫ్యూ పెట్టాక చెక్‌పోస్టు దగ్గర హెల్మెట్ పెట్టుకున్న పోలీసు నన్ను ఆపి ఉర్దూలో "ఎక్కడికి భాయ్" అని పలకరించాడు. కాసేపు ఊళ్ల గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నాం. ఒక జ్యూస్ డబ్బా తీసుకున్నాడు, ఇతను మాత్రం డబ్బులు ఇవ్వలేదు. ఆలోచించండి, జగిత్యాల డ్రైవరుతో సాఫీగా ముచ్చట పెట్టినవాడు, కాపలా కాస్తున్న ఆ ఊళ్లోని ముసలమ్మతో నాలుగు ముక్కలు తిన్నగా మాట్లాడలేడు. వాడి జీతం, క్వార్టర్, రేపు రావచ్చనుకుంటున్న పౌరసత్వం అన్నీ రాజు చేతిలో ఉన్నాయి. వాడు తుపాకీ ఎందుకు దించుతాడు?

దానికి తోడు మార్చి 14న కాజ్‌వే (సౌదీని కలిపే సముద్రపు వంతెన) మీదుగా సౌదీ బలగాలు దిగాయి, వెయ్యి మంది దాకా. యూఏఈ నుంచి ఇంకో ఐదు వందల మంది పోలీసులు. 15న ఎమర్జెన్సీ, 16న రౌండబౌట్ ఖాళీ, 18న ఆ ముత్యపు స్తంభాన్నే పడగొట్టేశారు. పడగొట్టేటప్పుడు అది క్రేన్ మీద కూలి, నడుపుతున్న కార్మికుడు చనిపోయాడు, మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు. స్తంభం బొమ్మ ఉన్న అర దినార్ నాణెం కూడా చలామణీలోంచి మాయమైంది. గల్ఫ్ దేశాలన్నీ కలిసి పదేళ్లలో వెయ్యి కోట్ల డాలర్లు ఇస్తామని రాజుకు మాటిచ్చాయి. మా కంపెనీ మాత్రం కర్ఫ్యూ రోజుల జీతం కోసేసింది, అడిగితే బండి తిరగలేదు కదా అన్నారు.

తమాషా ఏంటంటే సరిగ్గా అదే నెల 10న హైదరాబాద్ టాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్. దారి పొడుగునా పోలీసులు ఆపుతున్నా మా తమ్ముడు పోయాడు. ఎట్లా పోయావురా అంటే, ఆపిన కానిస్టేబుల్ మన పక్క మండలం వాడేనన్నా, అటు సందులోంచి పొమ్మని చూపించాడు అన్నాడు. నేను చెప్పేది ఇదే. ఇంట్లోనేమో టీవీ పెట్టుకుని ఇద్దరు కొడుకుల కోసం అమ్మ టెన్షన్ పడేది, మన చానళ్లకేమో ఏ దేశంలో గొడవైనా అదే మ్యూజిక్, అదే ఎర్ర అక్షరాలు.

ఈజిప్టులో సైన్యం నిండా ఇంటింటి నుంచి తప్పనిసరి సర్వీసుకు వచ్చిన పిల్లలే. జనం మీద బలప్రయోగం చేయబోమని జనవరి 31నే సైన్యం ప్రకటించింది, ముబారక్ కథ అప్పుడే అయిపోయింది. బంగ్లాదేశ్‌లో 2024లో ఆర్మీ చీఫ్ భార్య అప్పటి ప్రధాని హసీనాకు చుట్టమే, ఆయన్ని చీఫ్‌గా పెట్టి రెండు నెలలు కూడా కాలేదు. ఏం లాభం? జవాన్ల అన్నదమ్ములు వీధుల్లో ఉంటే పైవాడి చుట్టరికం ఎందుకూ పనికిరాదు. సైన్యం కాల్చనంది, ఆగస్టు 5న ఆవిడ హెలికాప్టర్ ఎక్కింది.

మరి సిరియా సంగతేంటి అంటారు. 2011లో అసద్ నిలబడ్డాడంటే కీలక దళాల్లో తన సొంత మతశాఖ అయిన అలవీలను పెట్టుకున్నాడు కాబట్టి, ఆ తర్వాత ఇరాన్, లెబనాన్ సాయుధ దళం హిజ్బుల్లా, 2015 నుంచి రష్యా విమానాలు కాపు కాశాయి కాబట్టి. 2024 నవంబర్ చివర్లో తిరుగుబాటు దళాలు కదిలేసరికి రష్యా ఉక్రెయిన్‌లో ఇరుక్కుపోయి ఉంది, హిజ్బుల్లా ఇజ్రాయెల్ చేతిలో దెబ్బతిని ఉంది. సైనికులేమో యూనిఫాంలు విప్పి రోడ్ల మీద పడేసి ఇళ్లకు పోయారు. డిసెంబర్ 4న అసద్ వాళ్ల జీతం 50 శాతం పెంచాడు. 8న దేశం వదిలి పారిపోయాడు.