ప్లాన్ అప్రూవ్ అయితే బీచ్‌లో కట్టేయొచ్చా?

ప్రశ్న: మాది భీమిలి దగ్గర జాలరిపేట. మేం బోట్లు నిలుపుకునే, వలలు ఆరబెట్టుకునే ఇసుకలో, బీచ్ రోడ్డుకు సముద్రం వైపున, రిసార్ట్ కోసమని గోడ లేపుతున్నారు. అడిగితే ప్లాన్ అప్రూవ్ అయిందంటున్నారు. మేమేం చేయగలం?

జవాబు: ప్లాన్ కాగితం చూపించారని వెనక్కి తగ్గకండి. మున్సిపల్ ప్లాన్ వేరు, సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) అనుమతి వేరు. పెద్ద పోటుకు నీరు చేరే గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి. కేరళలోని మరడులో స్థానిక సంస్థ అనుమతితోనే లేచిన అపార్ట్‌మెంట్లను సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరిలో పేల్చేశారు. అంత దూరం ఎందుకు, మీ భీమిలి తీరంలోనే కాంక్రీటు గోడల్ని హైకోర్టు ఆదేశాల తర్వాత 2024లో విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ కూల్చింది.

మీ స్థలం ఏ వర్గంలో ఉందో తీర మండల నిర్వహణ మ్యాపులో చూడాలి. సీఆర్‌జెడ్-2 (ఇప్పటికే బాగా కట్టడాలున్న పట్టణ తీరం) అయితే కొత్త భవనాలు ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడాలకో నేల వైపునే రావాలి. కేంద్రం 2019 నోటిఫికేషన్ ప్రకారం సీఆర్‌జెడ్-3 (పల్లె తీరం) అయితే జనసాంద్రతను బట్టి ఆ పోటు గీత నుంచి 50 లేదా 200 మీటర్లు కట్టకుండా వదిలేయాలి. ఎలా చూసినా ఇసుక మీద పక్కా రిసార్ట్ నిలబడటం కష్టమే.

ఈరోజే తేదీ పడేలా ఫొటోలు తీయండి. కలెక్టర్‌కు, రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉంటుంది. అందులో మత్స్యకారులతో సహా తీరప్రాంత సంప్రదాయ వర్గాల నుంచి కనీసం ముగ్గురు ఉండాలి. మీ వాళ్లెవరున్నారో గట్టిగా అడగండి.

అయితే ఫిర్యాదిచ్చి ఊరుకుంటే నష్టపోతారు. నా టెన్షనంతా ఇక్కడే. పర్యావరణ వివాదాలు వినే, చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు, వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి 6 నెలల్లోపు వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులే ఇస్తారు. ఆఫీసుల చుట్టూ తిరిగిన కాలాన్ని ఇందులోంచి మినహాయించరు. సివిల్ కోర్టుకు వెళ్లి లాభం లేదు, ఈ వివాదాలు దాని పరిధిలోకి రావు.

హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయొచ్చు, కానీ రెండు చోట్లా ఒకేసారి వద్దు. విశాఖలోని రుషికొండ మీద కట్టడాల వ్యవహారంలో ట్రైబ్యునల్‌లో, హైకోర్టులో రెండు చోట్లా విచారణ నడిస్తే, హైకోర్టు ఆదేశాలదే పైచేయి అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. గోడ పని ఏ రోజు మొదలైందో పేటలో పెద్దల్ని అడిగి రాసిపెట్టుకోండి. వకీలు దగ్గరికి ఆ తేదీతో వెళ్లండి.