పై పొర దగ్గర ఆగిపోయే అమ్మాయికి

రాజమహేంద్రవరం,
డిసెంబరు 28

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూశాను. సగంలో ఆగిన క్విల్టులు, అదే గుడ్డ ముక్కలు అతికి లోపల దూది పెట్టి కుట్టే దుప్పట్లు, తొమ్మిది, ఒక్కొక్కదానికి ఫోటో, పక్కన మొదలుపెట్టిన నెల, చివర "వచ్చే ఏడాది ఇవన్నీ పూర్తి చేస్తాను, అంతవరకు కొత్త గుడ్డ కొనను" అని ఒక శపథం. శపథం సంగతి తరవాత చెబుతాను. ఆ తొమ్మిదింటిలో ఆరు ఒకేచోట ఆగాయి, గమనించావా? గుడ్డ ఎంచుకున్నావు, ముక్కలు కోశావు, అతికావు, పై పొర తయారైంది, చక్కగా ఇస్త్రీ కూడా చేశావు. అక్కడితో మడత పెట్టి బీరువాలోకి తోశావు. ఆరూ అంతే.

నీకు బద్ధకమని మీ అమ్మ ఫోనులో అంటోంది. నేను ఒప్పుకోను. పావు అంగుళం కుట్టు ఎక్కడా తప్పకుండా, మూలకు మూల కలిసేలా అన్ని వందల ముక్కలు అతికిన పిల్లకు బద్ధకం ఎక్కడిది? పై పొర కింద దూది పొర, దాని కింద అడుగు గుడ్డ పరిచి, మూడింటినీ ముడత లేకుండా కలిపి పట్టించే పని ఒకటుంది చూడు, నీకు అదంటే గిట్టదు. గిట్టకపోవడంలో వింతేమీ లేదు. ముక్కలు అతికే పని అరగంట దొరికినా సాగుతుంది. పిల్లవాడు ఏడిస్తే మిషను ఆపి లేచి వెళ్లవచ్చు. పొరలు పరిచే పనికి గది ఖాళీ కావాలి, ఒక పూట కావాలి, మోకాళ్లు కావాలి. మధ్యలో వదిలేస్తే ఎవరో ఒకరు తొక్కుకుంటూ పోతారు. పైగా రంగుకు రంగు జత చేసే సరదా అందులో ఏమీ లేదు, అంతా నడుం నొప్పే.

మన బొంతలు ఇలా సగంలో ఆగవు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఎండాకాలంలో బొంత కుట్టేది. పాత నూలు చీరలు నాలుగో అయిదో తీసి, గట్టిగా ఉన్న రెంటిని పైకీ కిందకీ ఉంచి, నడుము దగ్గరా మడమల దగ్గరా చివికినవాటిని లోపల వేసేది. అన్నీ చాప మీద ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా టాకాలు వేసి, అంచు వెంబడి దబ్బనంతో కుట్టు మొదలుపెట్టేది. నీకు గిట్టని ఆ నేల మీద పని బొంతకు మొట్టమొదటిది. ఉత్సాహం తాజాగా ఉండగానే అయిపోతుంది. ఆ తరవాత మిగిలేది కుట్టు ఒక్కటే. అది ఎక్కడ ఆగినా ఫరవాలేదు, మళ్లీ సూది అందుకుంటే సరిపోతుంది.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో, హళియాళ, యల్లాపుర వైపు సిద్దీలు ఉన్నారు. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. ఆ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత ఇంకో తమాషా. ఒక చీరను అడుగున పరిచి, ఒక మూల నుంచి ముక్క అంచు మడుస్తూ, ఆ అడుగు చీరకే నేరుగా కుట్టేస్తారు. అలా అంచుల చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు చేరతారు. వాళ్లకు అతకడమూ కుట్టడమూ ఒకటే పని. పై పొర అని విడిగా ఒకటి ఉండదు కాబట్టి అది బీరువాలో మగ్గే ప్రశ్నే లేదు. నువ్వు నేర్చుకున్న అమెరికా పద్ధతిలో కోయడం, అతకడం, పొరలు కలపడం, కుట్టడం, అంచు కట్టడం అన్నీ వేరువేరు పనులు. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఆగిపోవడానికి కావలసినంత చోటు. అందులో తప్పేమీ లేదు, ఆ నక్షత్రాలూ ఆ వంపులూ బొంతలో రావు. కానీ ఎక్కడ ఆగుతావో తెలిసినప్పుడు ఆ చోటికే మందు వెయ్యాలి.

ఆరింటినీ మొదట సైజు ప్రకారం పేర్చు. చిన్న రెండింటికీ నేల మీదకు వంగాల్సిన అవసరమే లేదు. భోజనాల బల్ల మీద అడుగు గుడ్డ పరిచి, అంచులు బల్లకు అతుకు టేపుతో బిగించు. మరీ లాగి బిగించకు, వదిలాక ముడుచుకుపోతుంది. దాని మీద దూది, పైన నీ పై పొర. నడిమధ్య నుంచి బయటకు అరచేత్తో సర్దుకుంటూ, అరచెయ్యంత దూరానికొక పిన్నీసు పెట్టు. ఇవి రెండూ ఒకే రోజు చెయ్యి. ఎలాగూ బల్ల ఖాళీ చేశావు కదా.

మధ్య సైజు మూడింటికి మనుషులు కావాలి. మీ అమెరికాలో పాతకాలపు ఆడవాళ్లు పై పొరలు ఎవరింట్లో వాళ్లు అతికి, కుట్టడానికి మాత్రం నలుగురూ ఒకచోట చేరేవారు. సరదా కబుర్లకే అని అనుకోకు, ఒంటి చేత్తో విసుగు పుట్టించే పని అదేనని వాళ్లకు తెలుసు. 1966లో అలబామాలో నల్లజాతి ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని సహకార సంఘమే పెట్టుకుని, కలిసి కుట్టి అమ్మారు. నీకు అంత అవసరం లేదు. శనివారాలు నీతో కలిసి కుట్టుకునేవాళ్లు ఉన్నారన్నావు కదా, ఇద్దరిని పిలువు. పులిహోర చెయ్యి. పూటలో మూడూ పరచడం అయిపోతుంది. తరవాత వాళ్లింటికి నువ్వు వెళ్లాలి సుమా, అది మరిచిపోకు.

ఇక ఆరోది, మంచం నిండా వచ్చేది. దాన్ని పెద్ద మిషను ఉన్నవాళ్లకు ఇచ్చెయ్యి. చదరపు అంగుళానికి ఇంత అని లెక్క కట్టి కుట్టి పెడతారని నువ్వే చెప్పావు. "అప్పుడది నాది ఎలా అవుతుంది పెద్దమ్మా" అని కూడా అన్నావు. చీరకు ఫాల్ వేరేవాళ్లు కుడితే చీర వాళ్లదైపోయిందా? డబ్బు ఎక్కువనిపిస్తే ముడులు వేసుకో. మందపాటి నూలు దారం, పెద్ద బెజ్జం ఉన్న సూది తీసుకుని, మూడు పొరల్లోంచి దింపి పైకి తీసి జంట ముడి వెయ్యి. ఎంత దూరానికి ఒకటి వెయ్యాలో దూది పొట్లం మీద రాసి ఉంటుంది, అంతకు మించి ఎడం వదలకు, ఉతికితే లోపలి దూది జరిగి ఉండలు కడుతుంది. ఒక్క సాయంత్రంలో పని తేలిపోతుంది. చూసేవాళ్లు తక్కువ పనితనం అంటే అననీ, కప్పుకున్నవాళ్లకు చలి వెయ్యదు.

ఒక జాగ్రత్త. నీ మూడో ఫోటోలో పై పొర మీద నీలం గీతలు కనిపిస్తున్నాయి. అవి నీళ్లతో పోయే కలం గీతలైతే ఇస్త్రీ పెట్టె దగ్గరకు రానివ్వకు. వేడి తగిలితే గుడ్డకు పట్టేసుకుంటాయి. ముందు చల్లని నీళ్లలో ముంచి తియ్యి. అలాగే పిన్నీసులు పెట్టినవి నెలల తరబడి ఉంచకు, తుప్పు మరక ఏ సబ్బుకూ లొంగదు. ఎక్కువకాలం దాచాల్సినవాటికి గంజి వదిలించు, గంజి కోసమే వెండి పురుగులు వస్తాయి. ఏడాదికి రెండుసార్లు తీసి పాత మడత మీద కాకుండా వేరేచోట మడత పెట్టు. ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటే నూలు అక్కడే చిట్లుతుంది.

ఆరూ పోగా మూడు. ఆ షట్కోణాలది, కాగితం ముక్కల మీద గుడ్డ మడిచి చేత్తో అతుకుతున్నావే, దాన్ని అసలు ఈ జాబితాలోంచి తీసెయ్యి. అది ప్రయాణాల్లో, డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు చేతికి పని. దానికి గడువు పెడితే ఆ సుఖం కాస్తా పోతుంది. పదేళ్లు పట్టనీ. చుట్టూ కుట్టు పూర్తయిన ముక్కల్లోంచి కాగితాలు తీసేస్తూ ఉండు, బరువు తగ్గుతుంది.

క్లాసులో మొదలుపెట్టిన గోధుమరంగుది నీకు నచ్చలేదు. ఫోటో కూడా విసుగ్గానే తీశావు. నచ్చనిదాన్ని డబ్బు పెట్టామన్న ఒక్క కారణంతో పూర్తి చేస్తే, ఆ తరవాత దాన్ని ఇంట్లో పెట్టుకుని రోజూ చూడాలి. కోసిన ముక్కలూ నమూనా కాగితమూ కలిపి ఒక సంచిలో వేసి, శనివారం బల్ల మీద పెట్టెయ్యి, ఆ రంగు ఇష్టపడేవాళ్లు తీసుకుంటారు. మనం భోగికి ఇల్లు ఖాళీ చేసుకోమూ? మంటలో మాత్రం వెయ్యకు, మంచి నూలు గుడ్డ అది.

ఇక మీ నాన్న చొక్కాలు.

దాని పక్కన నువ్వు నెల ఒక్కటే రాశావు, ఇంకేమీ రాయలేదు. ఫోటోలో పదకొండు చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసి ఉన్నాయి, ఒక్కదానికీ కత్తెర తగల్లేదు. ఇది పై పొర జబ్బు కాదు, దీనికి పిన్నీసులూ బల్లలూ చెప్పను. అలబామాలోనే జీస్ బెండ్ అని ఒక పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ల క్విల్టులను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. అందులో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె 1942లో కుట్టిన క్విల్టు ఒకటి ప్రసిద్ధం. భర్త పోయాక ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలనే చింపి కుట్టింది, ఆయనను తలుచుకుంటూ కప్పుకోవడానికి. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగూ మాసికలూ అలాగే ఉంచేసింది. ఆ సంగతి లోకానికి చెప్పింది ఆమె కూతురు ఆర్లోంజియా. కుట్టేటప్పుడు తల్లికి సాయం చేసింది ఆ పిల్లే.

అందుకని ఆ చొక్కాలను నువ్వొక్కదానివీ కొయ్యకు. మార్చిలో మీ అమ్మ వస్తుంది. అప్పటిదాకా మూట విప్పవద్దు. ఇద్దరూ కూర్చుని ఏది కొయ్యాలో ఏది కొయ్యకూడదో తేల్చుకోండి. మరిది గారి తెల్లగళ్ల చొక్కా విషయంలో మీ ఇద్దరికీ పేచీ వస్తుందని నా అనుమానం, ఆ ఒక్కటీ మీ అమ్మకే వదిలెయ్యి. కాలర్ల లోపల అట్టలాంటి గట్టి గుడ్డ ఉంటుంది, అది కుట్టుకు పనికిరాదు. జేబులు మాత్రం విప్పకు, జేబుతో సహా ముక్క కోసుకో. అసలు కొయ్యాలనిపించకపోతే మళ్లీ మడత పెట్టి లోపల పెట్టుకోండి. కుట్టి తీరాలని రాసిపెట్టి లేదు.

ఇప్పుడు శపథం. కొత్త గుడ్డ కొనను అనేది నేను నమ్మను. ఆషాఢం తగ్గింపు ధరల ముందు మీ అమ్మ ప్రతిజ్ఞలు ఏమయ్యేవో నేను చూశాను, నువ్వు దాని కూతురివి. నెలకొకటి పూర్తి చేస్తానన్న లెక్క కూడా వద్దు. ఫిబ్రవరిలో పిల్లవాడికి జ్వరం వస్తే లెక్క తప్పుతుంది, లెక్క తప్పగానే నువ్వు మొత్తం వదిలేస్తావు. వీటి బదులు ఒక్క నియమం పెట్టుకో. పై పొర పూర్తయి ఇస్త్రీ అయిన వారంలోగా దానికి దూదీ అడుగు గుడ్డా చేరాలి. చేరేదాకా ఇంకోదానికి కత్తెర పట్టకూడదు. గుడ్డ కొనుక్కో, చూసుకుని మురిసిపో, కొయ్యకు. అడుగు గుడ్డను పై పొర గుడ్డతో పాటే కొనిపెట్టుకుంటే ఇంకా మంచిది. సగం క్విల్టులు "వెనక్కి సరిపడా గుడ్డ లేదు" అన్న సాకు మీదే ఆగుతాయి.

కుట్లు చిన్నవి రావడం లేదని కూడా బాధపడ్డావు. చేతి కుట్టులో అంగుళానికి పది వేసేవాళ్లను చూసి నువ్వు దిగులు పడనక్కర్లేదు. అయిదైనా సరే, అన్నీ ఒక్క పొడుగున ఉంటే చూడ ముచ్చటగా ఉంటుంది. చిన్నవి చేతికి వాటంతట అవే అలవాటవుతాయి.

చివరగా, నువ్వు అడగని మాట ఒకటి. తొమ్మిది ఉండగా నేను పదోది మొదలుపెట్టమంటున్నాను. నా వెంకటగిరి చీర ఒకటి మెత్తబడింది, గంజి పూర్తిగా వదిలించి రెండుసార్లు ఉతికాను, రంగు దిగడం లేదు. అయిదున్నర మీటర్ల చీరను నాలుగు పొరలుగా మడిస్తే పొడుగు సుమారు 54 అంగుళాలు, వెడల్పు దాదాపు 46 వస్తుంది. కొయ్యక్కర్లేదు, అతకక్కర్లేదు, దూది అక్కర్లేదు. నీ భోజనాల బల్ల మీద పరిచి, టాకాలు వేసి, అంచు నుంచి లోపలికి వరసలు కుట్టుకుంటూ పో. పిల్లవాడికి బొంత అవుతుంది, నీకు పొరలు పరిచే పని చేతికి అలవాటవుతుంది. చీరతో పాటు ఒక దబ్బనం కూడా మీ అమ్మ పెట్టెలో పెడతాను. విమానంలో చేతి సంచిలో పెట్టుకోవద్దని దానికి ఇప్పటికే రెండుసార్లు చెప్పాను, నువ్వు మూడోసారి చెప్పు.

అల్లుడు గారిని అడిగానని చెప్పు. పిల్లవాడికి ముద్దులు. ఆరింటిలో ముందు దేనికి పూనుకున్నావో సంక్రాంతికి ఫోటో పంపు. పై పొర ఫోటోలు చాలా చూశాను, ఈసారి వెనకవైపు తీసి పంపు.

మీ పెద్దమ్మ