వజూ మళ్లీ మళ్లీ చేస్తోంది... ఇమాన్ లోపమా, జబ్బా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. విజయవాడలో హాస్టల్‌లో ఉండి నీట్‌కు చదువుతోంది. ఆరు నెలలుగా ఒక్క నమాజుకు వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేయడానికే ముప్పావు గంట పడుతోంది. సరిగా కడుక్కున్నానో లేదోనని మళ్లీ మొదలుపెడుతుంది, నాకు ఫోన్ చేసి అడుగుతుంది. చదువు సాగడం లేదు. ఇమాన్ (విశ్వాసం) తగ్గిందని బంధువులు అంటున్నారు. డాక్టరుకు చూపించాలా?
- ఒక తల్లి, కడప

జవాబు: తప్పకుండా చూపించండమ్మా. పరీక్షిస్తేనే నిర్ధారణ అవుతుంది గానీ, మీరు రాసినవన్నీ ఓసీడీలో, అంటే వదలని అనుమానాలతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బులో, తరచుగా కనిపించే లక్షణాలే. ఇలాంటి పిల్లలు వచ్చినప్పుడు నేను ముందు వాళ్ల చేతులు చూస్తాను. నీళ్లలో నానీ నానీ వేళ్ల కణుపుల దగ్గర చర్మం తెల్లబారి, సన్నగా చీలి ఉంటుంది. అంత మంటలోనూ ఆపలేకపోతున్న పిల్లను ఇమాన్ తక్కువని నిందించడం అన్యాయం. నమాజంటే ప్రాణం కాబట్టే అనుమానం అక్కడ చేరింది.

ఈ బాధ ఇస్లాం ఎరగనిది కాదు. ఇలా మనసును పీడించే అనుమానాన్ని వస్వాసా అన్నారు. నిశ్చయంగా తెలిసినది అనుమానం వల్ల చెల్లకుండా పోదన్నది ఫిఖ్‌లో, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రంలో, మూలసూత్రం. ప్రవక్త (స) ఒక ముద్, అంటే లీటరు కన్నా తక్కువ నీటితోనే వజూ చేసేవారని, ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని ఆయన చెప్పారని హదీసుల్లో ఉంది. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు, ఎంత వద్దనుకున్నా వదలని ఆలోచనలను ప్రత్యేకమైన మానసిక బాధగా అప్పుడే వర్ణించాడు.

చికిత్సలో ముఖ్యమైనది, అనుమానం వచ్చినా మళ్లీ కడుక్కోకుండా, ఆ కంగారు దానంతట అది తగ్గేదాకా ఓర్చుకోవడం నేర్పే థెరపీ. మీకు గురి ఉన్న ఇమామ్ సాబ్ ఒక్కసారి వజూ చేస్తే చాలని చెబితే ఆమెకు ధైర్యం వస్తుంది. అయితే ఆయన్నీ పదే పదే అడగనివ్వకండి, అదీ జబ్బులో భాగమే. ఫోన్లో మీరు “సరిగానే చేశావులే” అన్నప్పుడు కలిగే ఊరట ఐదు నిమిషాలు కూడా నిలవదు, అనుమానం మాత్రం ముదురుతుంది. థెరపిస్టును అడిగి ఆ జవాబులు క్రమంగా తగ్గించండి. సెర్ట్రలిన్ వంటి మందులు పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు, మధ్యలో మానకూడదు. రోజుకొక్కసారి వేసుకునే మాత్రను రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాతకు మార్చుకునే వీలుంటుంది, డాక్టరును అడగండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే మాత్రం హాస్టల్‌లో ఒంటరిగా ఉంచకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.