కసిం కుండలో తెట్టు, వేళ్ల సందుల్లో పుండు: రెండింటికీ సంబంధం ఉందా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. ఇంట్లోనే కలంకారీ పని చేస్తాను. రెండు నెలలుగా రెండు చేతుల్లోనూ నడివేలు, ఉంగరపు వేలు మధ్య చర్మం తెల్లగా నాని, పొర ఊడి, మండుతోంది. బొటనవేలి గోరు చుట్టూ వాచింది. నల్లరంగు కోసం పులియబెట్టిన కసిం మీద తెల్లని తెట్టు కట్టింది. అందులోని క్రిములే చేతికి పట్టాయేమోనని భయంగా ఉంది. కుండలో డెటాల్ పోయమంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: కుండలో డెటాల్ పోయకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చేతి బాధకు కసిం కారణం కాకపోవచ్చు. పుండు ఎక్కడ పడిందో చూడండి. గీసేటప్పుడు కలానికి చుట్టిన, రంగు పీల్చుకున్న ఉండను నొక్కుతారు కాబట్టి రంగు అంటేది బొటనవేలు, చూపుడువేలు, నడివేలి కొసలకు, అదీ కలం పట్టే చేతికే. కసిం పడకపోతే ముందు అక్కడ మంట, దద్దుర్లు రావాలి. మీకు రెండు చేతులకూ, అదీ నడివేలి పక్క సందులో వచ్చింది. ఆ సందు ఇరుకు, తడి తొందరగా ఆరదు. గుడ్డలు ఉతికేవాళ్లకు, పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి పిండేవాళ్లకు ఆ చోటే కాండిడా అనే ఈస్ట్ పెరుగుతుంది. ఇది చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఎప్పుడూ ఉండేదే. చర్మం నానిపోతే విజృంభిస్తుంది. గోటి మొదట్లో ఉండే సన్నని పొర నాని ఊడిపోతే గోరు చుట్టూ వాపు కూడా అలాగే మొదలవుతుంది.

ఇక కుండ సంగతి. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము వేసి రెండు మూడు వారాలు ఉంచినప్పుడు ఈస్ట్‌లు బెల్లాన్ని ఆల్కహాల్‌గా మారుస్తాయి. గాలి తగిలే పైభాగంలో అసిటిక్ బ్యాక్టీరియా దాన్ని వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లమే ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఇనుము గుడ్డకు పట్టిన కరక్కాయ వగరుతో కలిశాకే మీ నలుపు తేలుతుంది. డెటాల్ పోస్తే ఈ జీవులు చచ్చి, పులుపు ఆగిపోతుంది. అంత పుల్లని నీళ్లలో జబ్బు చేసే బ్యాక్టీరియా చాలావరకు పెరగవు. పలచని తెల్ల తెట్టు మామూలుగా ఈస్టే, గరిటెతో తీసి పారేయండి. ఆకుపచ్చగానో నల్లగానో నూగు లేచిందంటే అది బూజు. దాన్ని కలియబెట్టవద్దు, బీజాలు గాల్లోకి లేస్తాయి. ఎన్95 మాస్క్ పెట్టుకుని ఎత్తేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని ఇంకొకరికి వదిలేయాలి. పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి గాలి చొరని మూత బిగించకుండా పలచని గుడ్డ కట్టండి.

పాప విషయంలో మాత్రం మీ భయం సరైనదే, కాకపోతే భయపడాల్సింది కుండలో కరిగిన ఇనుముకు. ఒంటి బరువు కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణాపాయం. బెల్లం వాసనకు పిల్లలు చెయ్యి పెట్టడం ఎంతసేపు? కుండను పాపకు అందని గదిలో పెట్టి గడియ వేయండి. పొరపాటున తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాంతులు తగ్గి పాప తేరుకున్నట్టు కనిపించినా ఆగవద్దు. ఇనుము విషంలో కొన్ని గంటలు అలా కుదుటపడినట్టు ఉండి, తర్వాత ఒక్కసారిగా పరిస్థితి దిగజారుతుంది.

చేతికి క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్ పొద్దున, రాత్రి పలచగా రాయండి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మంట తగ్గగానే మానేస్తే మళ్లీ వస్తుంది. రాసేముందు సందులను మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. ఉంగరం తీసేయండి, దాని కింద నీరు నిలుస్తుంది. తడి పనికి లోపల నూలు గ్లౌజ్, పైన నైట్రైల్ గ్లౌజ్ వేసుకుని, లోపలిది చెమటకు తడవగానే మార్చండి. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ ఇచ్చే అవకాశం ఉంది. దయచేసి వద్దు. రెండు రోజుల్లో ఎరుపు మాయమైనట్టు కనిపించి, లోపల ఫంగస్ పాకుతుంది. పటిక, బ్లేడు జోలికి పోకండి.

గుడ్డను పేడ నీళ్లలో నానబెడతారు కాబట్టి ధనుర్వాతం టీకా సంగతి కూడా చూసుకోండి. ఆ బీజాలు ఉండేది పేడలో, మట్టిలో. తుప్పును మాత్రమే అనుమానిస్తే సరిపోదు. టీడీ ఇంజెక్షన్ పదేళ్లకోసారి వేయించుకోవాలి. మురికి గాయమైతే, చివరి డోసు పడి ఐదేళ్లు దాటినా ఒకటి అవసరం.

రక్తంలో షుగర్ పరీక్ష తప్పక చేయించండి. పరగడుపున 126 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మధుమేహాన్ని అనుమానించి మళ్లీ పరీక్షించాలి. షుగర్ అదుపులో లేకపోతే ఈ ఈస్ట్ పదేపదే వస్తుంది. గోటి పక్కన చీము పట్టినా, ఎరుపు వేలి మీదకు పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించుకోండి. నాలుగు వారాలకూ తగ్గకపోతే తిరుపతి రుయా ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. అక్కడ చర్మం గీరి సూక్ష్మదర్శినిలో చూస్తారు. వెళ్లే ముందు వారం రోజులు క్రీమ్ రాయకండి, రాసి వెళ్తే ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు.

– చర్మవ్యాధుల నిపుణులు, తిరుపతి