సేన్ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన జోగేంద్రనాథ్ సేన్‌ను తెలుగులోకి తేవాలని నీకు తోచినందుకు సంతోషం. ఆ మనిషి మీద నాకూ మమకారం ఉంది కాబట్టి పైపైన మెచ్చుకుని ఊరుకోలేను.

ఆయనను నువ్వు 1916 జులై 1న, ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదలైన రోజున చంపావు. ఆయన పోయింది మే 22న, అంటే నలభై రోజుల ముందే. కందకాల మీద ఫిరంగి గుండ్లు కురుస్తుండగా కాలికీ మెడకూ గాయాలై చనిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు. తేదీ ఎందుకు మార్చావో ఊహించగలను. జులై 1న సెర్ గ్రామం ముందు ఆయన బెటాలియన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, కథకు పెద్ద ముగింపు దొరుకుతుంది. కానీ చరిత్రలో పేరు పడని రోజున పోయినవాడికి పేరున్న యుద్ధాన్ని అరువు తెచ్చిపెడితే, ఆయన చావు చాలలేదని మనమే అన్నట్టవుతుంది. మే 22నే ఉంచు.

చివరి క్షణంలో భారతమాతను తలుస్తూ ఆయన చేత చెప్పించిన మాటలు పూర్తిగా తీసెయ్యి. ఆయన ఊరు బెంగాల్‌లోని చందర్‌నగర్, ఇప్పటి చందన్‌నగర్. మన యానాం లాగే అప్పట్లో అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. ఫ్రెంచి పాలనలోని బెంగాలీ కుర్రవాడు ఇంగ్లండుకు వెళ్లి, బ్రిటిష్ రెజిమెంటులో చేరి, ఫ్రాన్సు మట్టిలో కలిశాడు. ఇంత చిక్కుముడి నీ చేతిలో ఉండగా ఒక్క నినాదంతో దాన్ని తెంపేస్తావా?

ఈ కథకు గుండెకాయ ఎక్కడుందో చెబుతాను. 1910లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేరి 1913లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. ఆ నగర కార్పొరేషన్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం చేశాడు. 1914 సెప్టెంబరులో లీడ్స్ యువకులతో ఏర్పడిన వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు 15వ బెటాలియన్‌లో, తొలి రోజుల్లోనే చేరాడు. అక్కడ అందరికీ ఆయన ‘జాన్’. సాధారణ సిపాయిగా చేరినవాడు సాధారణ సిపాయిగానే పోయాడు. ఆనాటి బ్రిటిష్ సైన్యంలో అధికారి కావాలంటే యూరోపియన్ సంతతివాడై ఉండాలని నిబంధన. తోటి సైనికుడు ఆర్థర్ డాల్బీ వృద్ధాప్యంలో చెప్పిన మాట ఇంకా కటువుగా ఉంటుంది: బెటాలియన్ మొత్తంలో ఎక్కువ చదువుకున్నవాడు సేనే, దాదాపు ఏడు భాషలు వచ్చు, అయినా తెల్లవాడి మీద నల్లవాడిని ఉంచరు కాబట్టి ఆయనను సిపాయికి ఒక్క మెట్టు పైనున్న లాన్స్ కార్పొరల్‌ను కూడా చేయలేదు. నువ్వు దీనికి ఇచ్చింది ఒక్క వాక్యం! నీ రెండో పేజీ అంతా దీనికే ఇవ్వాలి. కోపంతో రాయకు. యార్క్‌షైర్ కొండల్లోని కోల్‌స్టర్‌డేల్ శిక్షణ శిబిరంలో ఉదయపు హాజరు రాయి. తనకంటే తక్కువ చదివినవాడి ఆజ్ఞకు ఆయన రోజూ అటెన్షన్‌లో నిలబడటం రాయి. పాఠకుడికి ఆ కోపం దానంతట అదే వస్తుంది.

చందన్‌నగర్ మ్యూజియంలో ఉన్న, రక్తపు మరకలు అంటిన ఆయన కళ్లద్దాలతో కథ మొదలుపెట్టావు. ఆ వస్తువును చూసిన ఎవరికైనా మొదట తోచేది అదే, కాబట్టి అక్కడ వద్దు. మొదటి పేజీలోనే కన్నీళ్లు తెప్పిస్తే, ఆ తర్వాత ఆయన బతికిన రోజుల్ని ఎవరు శ్రద్ధగా చదువుతారు? కళ్లద్దాలు ఆయన ముఖం మీదే ఉండనీ, విద్యుత్ కేంద్రంలో మీటర్లు చూసేటప్పుడు, వర్షంలో తుపాకీ తుడిచేటప్పుడు.

నువ్వు పూర్తిగా వదిలేసిన ఘట్టం ఒకటుంది. 1915 డిసెంబరులో బెటాలియన్‌ను ఈజిప్టుకు పంపారు, సూయజ్ కాలువ కాపలాకు. 1916 మార్చిలో గానీ ఫ్రాన్సుకు తేలేదు. బెంగాల్‌కు వెళ్లే ఓడల దారి ఆ కాలువే. ఆ ఇసుకలో ఆయన కాపలా కాసిన రోజులకు కనీసం రెండు పేజీలు కావాలి. ఆయన మనసులో ఏమనుకున్నాడో మాత్రం రాయకు. ఆనాటి ఓడల రాకపోకల గురించి, సైనికుల దినచర్య గురించి గ్రంథాలయంలో వెతుకు. దొరికింది నాకు కూడా పంపు. ఆ తర్వాతే రెండో ప్రతి మొదలుపెట్టు.