వీధి చివరి ఇళ్లకు కుళాయి నీళ్లు మురుగు వాసన వస్తుంటే కాలనీ సంఘం ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది: వీధి చివరి ఐదారు ఇళ్లకు నీళ్లు మురుగు వాసనతో వస్తున్నాయి. సంఘం తరఫున అర్జీ ఇచ్చారు. నీటి విభాగం సిబ్బంది వచ్చి చూసి, బాగానే ఉన్నాయని చెప్పి వెళ్లిపోయారు. ఇప్పుడేం చేయాలని అడుగుతున్నారు. వాళ్లు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. వాళ్లు వచ్చిన వేళకు నీళ్లు నిజంగానే తేటగా ఉండి ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఏ వేళలో, ఏ రెండు ఇళ్ల మధ్య మురుగు కలుస్తోందో సంఘమే ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా ఎన్ని అర్జీలు పెట్టినా ఫైలు లావవుతుందే తప్ప రోడ్డు తవ్వరు.

కారణం వెతకడం కంటే ముందు, ఇవాళే, ఆ ఇళ్లవాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. ఆ నీళ్లు తాగొద్దు. పళ్లు తోముకోవడానికి, కూరగాయలు కడగడానికి, పాలసీసాలు కడగడానికి కూడా వాడొద్దు. వేరే దారి లేకపోతే తెర్లకాగనిచ్చి, బుడగలు బాగా పొంగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం అలాగే ఉంచి, మూతపెట్టి చల్లార్చి, అదే గిన్నెలోంచి వాడుకోవాలి. పటిక వేస్తే మడ్డి కిందికి దిగుతుంది, నీళ్లు తేటగా కనిపిస్తాయి, కానీ క్రిములు మిగిలే ఉంటాయి. తేటగా కనిపించడమే అక్కడ ప్రమాదం. ఏ ఇంట్లో ఎవరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయో, ఏ తేదీన మొదలయ్యాయో ఇల్లిల్లూ అడిగి రాసుకోండి. రెండు ఇళ్లలో ఒకేసారి కనిపిస్తే అదే రోజు దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి చెప్పండి. నీటి విభాగం కదిలేదాకా ఆగొద్దు.

ఇక సిబ్బంది వచ్చినప్పుడు నీళ్లు ఎందుకు బాగున్నాయంటే: రోజంతా కాకుండా కొన్ని గంటలే నీళ్లు వదిలే చోట, సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపుకు ఎక్కడైనా చిల్లు ఉండి, దాని చుట్టూ మురుగుతో నానిన మట్టి ఉంటే ఆ మురుగు నెమ్మదిగా లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ నిలిచిన మురుగంతా ముందుగా తోసుకొచ్చి చివరి ఇళ్లలో పడుతుంది. పది, ఇరవై నిమిషాలు గడిచాక లోపలి ఒత్తిడి పెరుగుతుంది, అదే చిల్లులోంచి ఇప్పుడు మంచినీళ్లు బయటికి కారతాయి, కుళాయిలో తేట నీళ్లు వస్తాయి. సిబ్బంది సాధారణంగా వచ్చేది అప్పుడే. నేరుగా వీధి పైపుకు మోటారు బిగించి లాగేవాళ్లు ఉంటే సరఫరా ఉన్నప్పుడు కూడా పైపులో ఒత్తిడి వాతావరణ ఒత్తిడి కంటే దిగిపోయి మురుగును లోపలికి పీలుస్తుంది. అలాంటప్పుడు వాసన మొదట్లోనే కాదు, మధ్యలో కూడా వచ్చి పోతుంటుంది. ఈ తేడాను గమనించి రాసుకోండి. కారణం ఏ వైపు ఉందో అదే చెబుతుంది.

సాక్ష్యం సేకరించడానికి పెద్ద సామాను అక్కర్లేదు. లోపలి నీళ్లు కనిపించే ఒకే రకం రంగులేని సీసాలు, పేరు రాసే అట్టముక్కలు, క్రిములు చావడానికి నీళ్లలో కలిపే క్లోరిన్ ఎంత మిగిలిందో చూసే చిన్న పరీక్ష పెట్టె ఒకటి చాలు. వీధి మొదట్లో ఒక ఇల్లు, నడుమ రెండు, చివర రెండు ఎంచుకోండి. నీళ్లు వదిలిన మొదటి నిమిషంలో ఒక సీసా, పదో నిమిషంలో ఒకటి, అరగంటకు ఒకటి ప్రతి ఇంట్లోనూ పట్టాలి. వీధి పైపు నుంచి నేరుగా వచ్చే కుళాయి దగ్గరే పట్టాలి. సంపులోంచో మేడ మీది ట్యాంకులోంచో వచ్చే నీళ్లు పట్టి చూపిస్తే "మీ ట్యాంకు కడుక్కోండి" అంటారు, ఆ మాటకు మన దగ్గర జవాబు ఉండదు. సీసాను సగం నింపి, మూత బిగించి బాగా కుదిపి, మూత తీసిన వెంటనే వాసన చూడండి. తెల్ల కాగితం ముందు పెట్టి రంగు చూడండి. ఇల్లు, తేదీ, వేళ, రంగు, వాసన, క్లోరిన్ ఎంత అన్నది అక్కడికక్కడే పట్టికలోకి ఎక్కించాలి. ఇంటికెళ్లి గుర్తుచేసుకుని రాస్తే కుదరదు.

ఈ పట్టికలో అన్నింటికంటే విలువైనది క్లోరిన్ గడి. పరీక్ష మందు కలిపాక గులాబీ రంగు వచ్చే రకం దొరికితే అదే తీసుకోండి. పసుపు రంగు వచ్చే రకమూ పనికొస్తుంది గానీ దాన్ని వెంటనే చూడాలి, ఆలస్యమైతే రంగు ముదిరి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వీధి మొదట్లో 0.5 ఉండి, నాలుగో ఇంటి దగ్గరా 0.5 ఉండి, ఆరో ఇంటి దగ్గర రంగే రాలేదనుకోండి, నాలుగుకూ ఆరుకూ మధ్య ఏదో ఆ క్లోరిన్‌ను తినేస్తోంది. మురుగు కలిస్తే జరిగేది అదే. తవ్వాల్సిన చోటు ఆ రెండు ఇళ్ల మధ్యకు కుదిరిందన్నమాట. ఒక జాగ్రత్త: మూసుకుపోయిన వీధి చివర నీళ్లు కదలక నిలిచినా క్లోరిన్ కొంత తగ్గుతుంది. అందుకని వాసన లేని పక్క వీధి చివరి ఇంట్లో కూడా అదే రోజు చూసి పోల్చుకోండి.

ఇంటింటి లెక్కను వీధి పటం మీద గుర్తులుగా పెట్టడం మామూలు పనిలాగే ఉంటుంది గానీ దాని బలం పాతది. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ల ఇళ్లను పటం మీద గుర్తిస్తే, ఆ గుర్తులు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ కనిపించాయి. మీ ఆరు ఇళ్ల పటం కూడా అదే పని చేస్తుంది.

రంగు చూసి కంగారుపడే ముందు ఇంకో మాట. ఇటుక రంగు నీళ్లు చాలావరకు తుప్పు. పాలలా తెల్లగా వచ్చి, గ్లాసులో అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి, హాని లేదు. ఒక్క ఇంట్లోనే వాసన ఉండి, అటూ ఇటూ ఇళ్లు బాగుంటే తప్పు వీధి పైపుది కాదు, ఆ ఇంటి కనెక్షన్ పైపుదే.

ఇంటి కనెక్షన్ పైపు విషయంలో నేను మొదట చూసేది అది డ్రెయిన్‌ను దాటే చోటు. ఇనప పైపు కాలువ గోడలోకి దూరే దగ్గర, సరిగ్గా మురుగు మట్టం తగిలే గీత వెంట పొక్కులు లేచి ఉంటాయి. పైనుంచి చూస్తే పైపు బాగానే కనిపిస్తుంది. చేతికి తొడుగు వేసుకుని పైపు అడుగుభాగం తడిమితే రేకులు ఊడివస్తాయి, కొన్నిచోట్ల వేలు దిగబడుతుంది. అలాంటి చోట గుడ్డ చుట్టి, రబ్బరు కట్టి సరిపెట్టొద్దు. మొత్తం ముక్క మార్చి, అతుకు లేని ప్లాస్టిక్ పైపును మురుగు మట్టానికి పైన, ఇంకో పెద్ద పైపు తొడుగులో దాటించాలి.

వీధి పైపు వైపు చూస్తే, ఎక్కువమంది మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి, పాత కనెక్షన్లు. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు పాత కనెక్షన్‌ను మొదట్లో, అంటే వీధి పైపుకు దాన్ని బిగించే ఫెర్రూల్ అనే అతుకు దగ్గర మూయకుండా ఇంటివైపు కోసేసి వదిలేస్తారు. ఆ ముక్క మట్టిలో కుళ్లి, చుట్టూ ఉన్న మురుగుకు తెరిచిన నోరులా మిగిలిపోతుంది. మీ వీధిలో ఇటీవల ఏ ఇళ్లు కూల్చి కట్టారో, ఎవరు కనెక్షన్ మార్చుకున్నారో పెద్దవాళ్లను అడిగి పటం మీద గుర్తు పెట్టండి. రెండోది, వాల్వు గుంట. మూత తీసి చూడండి. గుంటలో మురుగు నిలిచి, వాల్వు మెడ దగ్గర నీరు కారకుండా చుట్టే ప్యాకింగ్ వదులై ఉంటే సరఫరా ఆగిన ప్రతిసారీ అక్కడి నుంచే లోపలికి లాక్కుంటుంది. దీనికి రోడ్డు తవ్వే పనే లేదు, గుంట తోడి, ప్యాకింగ్ మార్చి, నీరు చేరకుండా గుంట అంచు ఎత్తు పెంచితే సరి.

మ్యాన్‌హోళ్లు కూడా చూడాలి. ఒకదాంట్లో మురుగు అంచుదాకా నిండి, దిగువ దాంట్లో అడుగంటి ఉంటే ఆ రెండింటి మధ్య లైను పూడిందని అర్థం. పూడిక తీయనంతకాలం ఆ చుట్టుపక్కల మట్టి మురుగుతో నానుతూనే ఉంటుంది, మంచినీళ్ల పైపుకు ఎన్ని మరమ్మతులు చేసినా మళ్లీ మొదటికొస్తుంది. మూత తీసి చూడటంతో మీ పని అయిపోయింది. ఎవరినీ, ఎంత అనుభవం ఉన్న పనివాణ్నైనా, ఎంత తక్కువ లోతైనా లోపలికి దించొద్దు. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడం మానేస్తుంది, ఒకటి రెండు శ్వాసల్లో మనిషి పడిపోవచ్చు. కాపాడబోయి దిగినవాళ్లు కూడా చనిపోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. పూడిక యంత్రంతోనే తీయించాలి, సంఘం ఈ విషయంలో గట్టిగా నిలబడాలి.

ఇవన్నీ చేతికొచ్చాక అర్జీ రాయండి. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. వీధి దీపాలు, కుక్కలు, గుంతలు అన్నీ కలిపి రాస్తే తేలికైనది ఏదో చేసి మొత్తం పరిష్కరించామని ముగించేస్తారు. "నీళ్లు కలుషితం, తగు చర్య తీసుకోగలరు" అన్న వాక్యానికి ఎవరూ ఏమీ చేయలేరు. దాని బదులు ఇలా రాయండి: "ఫలానా వీధిలో ఫలానా ఇంటి నంబరుకూ ఫలానా ఇంటి నంబరుకూ మధ్య, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు మురుగు వాసన వస్తోంది, క్లోరిన్ సున్నా. ఈ భాగం తవ్వి చూడాలి, వాడకంలో లేని పాత కనెక్షన్లను ఫెర్రూల్ దగ్గరే మూయాలి. పరిశీలనకు నీళ్లు వదలడానికి అరగంట ముందే రావాలి." వెనక పట్టిక, పటం జతచేయండి. అందినట్టు సంతకం, నంబరు తీసుకోండి. సిబ్బంది వచ్చే రోజు సంఘం నుంచి ఇద్దరు సీసాలతో కుళాయి దగ్గర సిద్ధంగా ఉండాలి. మొదటి సీసా వాళ్ల చేతికే ఇచ్చి వాసన చూడమనండి.

ప్రయోగశాలకు నమూనా పంపేటప్పుడు ఖాళీ కూల్‌డ్రింకు సీసా వాడొద్దు. వాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాయే తీసుకోండి. అందులో క్లోరిన్‌ను విరిచే మందు ముందే వేసి ఉంటుంది, దాన్ని కడిగేయకూడదు. నమూనాను మంచు మీద పెట్టి ఆరు గంటల్లోపు చేర్చడం మంచిది. మలం కలిసిందని చెప్పే ఈ.కోలి అనే క్రిమి వంద మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. అయితే కుళాయిని చాలాసేపు వదిలి పట్టిన నమూనాలో మొదటి మురుగు పోయి ఉంటుంది. అందుకే మొదటి నీళ్లతో ఒకటి, తర్వాతి నీళ్లతో ఒకటి రెండూ ఇచ్చి, వేళలు సీసాల మీద రాయండి.

మరమ్మతు అయిందనగానే ఊపిరి పీల్చుకోవద్దు. ముందు ఆ లైనును చివర్లో వదిలి బాగా కడిగించాలి. తర్వాత ప్రతి ఇంటి సంపు, ట్యాంకు కడగాలి, లేకపోతే పాత మురుగు అక్కడే కూర్చుని జబ్బు చేస్తూనే ఉంటుంది. ముందు సంపు, తర్వాత ట్యాంకు. మోటారు కరెంటు తీసేసి, మడ్డి తోడి, గోడలు రుద్ది కడగండి. వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, నింపి, 24 గంటలు ఉంచాలి. తొందరగా కావాలంటే మోతాదు రెట్టింపు చేసి ఎనిమిది గంటలు. అన్ని కుళాయిలూ ఒకసారి తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలితే పైపులు కూడా శుద్ధి అవుతాయి. ఆ నీళ్లు తాగకుండా పూర్తిగా పారబోసి, కడిగి కొత్త నీళ్లు పట్టుకోండి. ఎన్నాళ్లనుంచో మూత తీసి ఉన్న పౌడర్‌లో బలం పోయి ఉంటుంది, కొత్త ప్యాకెట్టే వాడండి. కక్కసులు కడిగే యాసిడ్‌తో దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

మోటార్ల సంగతి మాత్రం శాఖ ఒక్కటే తీర్చగలిగేది కాదు, అది సంఘం పని కూడా. సమావేశంలో పేర్లు చదివితే గొడవే మిగులుతుంది. నీళ్లు వచ్చే వేళకు ఇంటికెళ్లి, వీధి పైపుకు మోటారు పెడితే మురుగు పీల్చుకుంటుందని, అది ముందు వాళ్ల ట్యాంకులోకే వస్తుందని చెప్పి, నేల మట్టంలో సంపు పెట్టుకుని అందులోంచి లాగుకోమనండి. ఇల్లు చిన్నదైతే రెండు మూడు ఇళ్లకు కలిపి ఒక సంపు కుదురుతుందేమో చూడండి.

ఆ తర్వాత వారానికొకసారి చివరి ఇంట్లో మొదటి నిమిషం నీళ్లలో క్లోరిన్ చూసి అదే పట్టికలో రాస్తూ పోండి, వానలు మొదలయ్యాక మూడు రోజులకొకసారి. 0.2 కంటే తగ్గిన రోజే ఫోన్ చేయండి, వాసన వచ్చేదాకా ఆగొద్దు.