క్లియర్ ఆరింది సరే, గట్టిపడిందా?
కారు సంరక్షణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (మలక్‌పేట నుంచి): జూలైలో మా కారు బానెట్‌కు, ముందు బంపర్‌కు డెంటింగ్ చేయించి రంగు వేయించాను. మర్నాడు సాయంత్రమే బండి ఇచ్చేశారు. తాకి చూస్తే ఎక్కడా చేతికి అంటలేదు. వాన పడుతోందని రెండు రాత్రులు కవరు కప్పి ఉంచాను. తీసి చూస్తే ఆ గుడ్డ నేత గుర్తులు బానెట్ మీద అచ్చు పడి ఉన్నాయి. షెడ్డు వారిని అడిగితే ఎండలో పెట్టమంటున్నారు. రంగు మీద మెరుపు కోసం కొట్టిన పారదర్శక పూత (క్లియర్) నాసిరకందా? ఈ గుర్తులు పోతాయా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే క్లియర్ నాణ్యత కంటే దానికి దొరకని గడువునే ముందుగా అనుమానించాలి. షెడ్లలో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది టూకే క్లియర్, అంటే గట్టిపరిచే ద్రవాన్ని (హార్డెనర్) విడిగా ఉంచి కొట్టే ముందు కలిపే రకం. అందులో రెండు పనులు జరుగుతాయి. మొదటిది థిన్నర్ ఆవిరై గాలిలో కలిసిపోవడం. ఇది కొట్టిన క్షణం నుంచే మొదలై చాలావరకు కొన్ని గంటల్లో పూర్తవుతుంది. రెండవది క్లియర్‌లోని అక్రిలిక్ రెసిన్‌కు, హార్డెనర్‌లోని ఐసోసైనేట్‌కు మధ్య జరిగే రసాయనిక చర్య. ఈ చర్యలో అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి పాలీయురేథేన్ అనే వల అల్లుకుంటుంది; పెట్రోలు పడినా కరగని, గోటితో గీసినా చార పడని గట్టిదనం ఆ వల వల్లనే వస్తుంది. చేత్తో తాకి చూసినప్పుడు మొదటి పని సంగతి మాత్రమే తెలుస్తుంది. రెండవది ఎంతవరకు వచ్చిందో వేలికి అందే విషయం కాదు.

ఈ రసాయనిక చర్య వేగం వేడి మీద ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని, పది డిగ్రీలు తగ్గితే దాదాపు సగమవుతుందని స్థూలంగా లెక్క వేసుకోవచ్చు. పెయింట్ బూత్‌లో (వేడి చేసే ఏర్పాటున్న మూసిన గదిలో) రేకు ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు చేరిన తరువాత అర్ధగంట పాటు బేక్ చేసి, చల్లారనిచ్చి భాగాలు బిగించడం సాధారణ పద్ధతి. ఇక్కడ 60 డిగ్రీలు అన్నది రేకు వేడి; బూత్‌లోని గాలి ఆ వేడికి చేరిన తరువాత రేకు కూడా చేరడానికి మరికొంత సమయం పడుతుంది, హడావిడిలో లెక్కలోకి రాకుండా పోయేది సరిగ్గా ఆ సమయమే. బేక్ చేయకుండా 20 డిగ్రీల దగ్గర గాలికి వదిలేస్తే దుమ్ము అంటని స్థితి సుమారు గంటలో వచ్చినా, భాగాలు బిగించగలిగే స్థితికి ఒక రాత్రి, పూర్తి గట్టిదనానికి కొన్ని వారాలు పడతాయి. కారు తయారయ్యే కర్మాగారంలో మాత్రం టైర్లు, వైర్లు, సీట్లు బిగించకముందే ఉత్త బాడీని సుమారు 140 డిగ్రీల వేడిలో ఉంచుతారు కనుక అక్కడి క్లియర్ అప్పటికప్పుడే గట్టిపడుతుంది. మరమ్మతు షెడ్డులో ఆ వేడి సాధ్యం కాదు, ప్రయత్నించనూ కూడదు.

మీ బండికి వచ్చిన చిక్కు వానాకాలపు రాత్రులతో ముడిపడింది. జూలైలో హైదరాబాద్ గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజున మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 25 డిగ్రీల పైచిలుకు. అంటే రేకు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, దాని మీద కంటికి కనపడనంత పలుచగా నీరు పేరుకుంటుంది. రేకు ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువగా ఉంటేనే రంగు వేయాలన్న నియమం ఇందుకే పుట్టింది. పైగా ఐసోసైనేట్ నీటితో కూడా చర్య జరుపుతుంది. తేమ ఎక్కువగా ఉంటే హార్డెనర్‌లో కొంత భాగం రెసిన్‌కు అందకుండా నీటి పాలవుతుంది, మెరుపు తగ్గుతుంది, ఒక్కోసారి పైపొర పాలిపోయినట్లు తెల్లబడుతుంది. అటువంటి స్థితిలో ఉన్న పొర మీద తడి కవరు బరువుగా పరుచుకుంటే లోపల మిగిలిన థిన్నర్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. మెత్తగా ఉన్న క్లియర్ గుడ్డ అచ్చును పట్టుకుంటుంది.

ఎండలో పెట్టమన్న సలహా పూర్తిగా తప్పు కాదు. తెరపి ఉన్న రోజుల్లో కవరు లేకుండా ఎండ తగిలేలా నిలిపితే చర్య వేగం పుంజుకుంటుంది, పలుచని గుర్తులు కొంతవరకు సర్దుకుంటాయి కూడా. అయితే అచ్చు లోతుగా ఉంటే ఎండ ఒక్కటే చాలదు. మూడు నాలుగు వారాలు ఆగి, 2000 నంబరు వాటర్ పేపర్‌తో తేలికగా రుద్దించి, 3000తో నునుపు చేయించి, ఆపై కాంపౌండ్‌తో బఫింగ్ చేయిస్తే పోతుంది. ఇప్పుడే బఫింగ్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. మెత్తని క్లియర్ మీద బఫింగ్ ప్యాడ్ వేడికి గీతలు కూరుకుపోయి, అప్పటికి మెరిసినా కొద్ది రోజుల్లో మళ్లీ తేలుతాయి.

మూడు నాలుగు వారాల తరువాత కూడా గోరు నొక్కితే గుర్తు పడుతున్నట్లయితే సంగతి వేరు. బానెట్ అంచు లోపలివైపు, కంటపడని చోట, థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో కాసేపు రుద్ది చూడండి. సరిగా గట్టిపడిన టూకే క్లియర్ దానికి లొంగదు. పొర జిగురుగా మారి గుడ్డకు అంటిందంటే హార్డెనర్ తక్కువైందని, లేదా ఆ క్లియర్‌కు సరిపడని హార్డెనర్ కలిపారని అర్థం. అప్పుడు ఎంత ఎండబెట్టినా లాభం లేదు, ఆ పొర తీసి మళ్లీ కొట్టవలసిందే, ఆ ఖర్చు షెడ్డు వారే భరించడం న్యాయం.

బీమా క్లెయిము బండ్లు వరుసలో ఉన్నప్పుడు మర్నాటికే అప్పగించాలన్న ఒత్తిడి షెడ్ల మీద ఉంటుంది, కాదనను. అయినా బండిని షెడ్డుకు ఇచ్చే ముందే బూత్‌లో బేక్ చేస్తారా, ఎన్ని డిగ్రీల మీద, ఎంతసేపు అని అడిగి ఆ మాట జాబ్ కార్డు మీద రాయించుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): చిన్న పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను, బూత్ లేదు. వేసవిలో క్లియర్ కొట్టిన వెంటనే బండిని ఎండలోకి తోస్తే మెరుపు బాగానే వస్తోంది కానీ, దగ్గరగా చూస్తే సూదితో పొడిచినట్లు సన్నని రంధ్రాలు కనిపిస్తున్నాయి. త్వరగా ఆరాలని హార్డెనర్ కాస్త ఎక్కువ కలిపినా తేడా లేదు. ఏమి చేయాలి?

జవాబు: కాగిన పాల మీద మీగడ కట్టినట్లు, మండుటెండలో క్లియర్ పైపొర ముందే బిగుసుకుంటోంది. అడుగున చిక్కుకున్న థిన్నర్ వేడికి ఆవిరై ఆ పొరను పొడుచుకొని బయటికి వస్తోంది. మీరు చూస్తున్న రంధ్రాలు అవే. మే నెలలో ఎండకు నిలిపిన నల్ల కారు బానెట్ 60 డిగ్రీలు దాటిపోవడం మామూలే, కనుక మీరు తెలియకుండానే బండిని నేరుగా బేకింగ్‌లోకి తోస్తున్నారు. బూత్ ఉన్నవారు కూడా ఆఖరి కోటు తరువాత పది పదిహేను నిమిషాలు మామూలు గాలికి వదిలి, ఆ తరువాతే వేడి పెంచుతారు.

ముందుగా థిన్నర్ మార్చండి. అన్ని కాలాలకూ ఒకే థిన్నర్ వాడే అలవాటు మన షెడ్లలో బలంగా ఉంది. పేరున్న తయారీదారులు త్వరగా, మధ్యస్థంగా, నిదానంగా ఆవిరయ్యే రకాలను వేర్వేరుగా ఇస్తారు. వేసవికి నిదానపు రకం, దానికి తోడు నిదానపు హార్డెనర్ తగినవి. ఉదయం పెందలాడే, రేకు ఇంకా చల్లగా ఉండగా, నీడలో పని మొదలుపెట్టండి. రెండు కోట్లకు మించి కొట్టవద్దు. ఆరిన తరువాత క్లియర్ మందం 50, 60 మైక్రాన్లు ఉంటే చాలు. మొదటి కోటు మెరుపు కాస్త మందగించి, పక్కనున్న మాస్కింగ్ కాగితం మీది క్లియర్‌ను వేలితో తాకితే జిగటగా ఉండి తీగ సాగకుండా ఉన్నప్పుడే రెండవది కొట్టాలి. సాధారణంగా ఇది ఐదు నుంచి పది నిమిషాల వ్యవధి. బేస్ కోటు (క్లియర్ కింద ఉండే రంగు పొర) కూడా పూర్తిగా మెరుపు పోయి మసకగా కనిపించేవరకు క్లియర్ జోలికి పోకూడదు. అక్కడ మిగిలిన థిన్నరే వారం తరువాత పైకి వచ్చి మెరుపును చంపుతుంది.

హార్డెనర్ ఎక్కువైతే త్వరగా గట్టిపడుతుందన్నది షెడ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. డబ్బా మీద క్లియర్, హార్డెనర్ పాళ్లు 2:1 అని ఉన్నా 4:1 అని ఉన్నా, ఆ కొలత రెసిన్‌లో ముడిపడగల చోట్ల లెక్కను బట్టి నిర్ణయించినది. మిగిలిపోయిన హార్డెనర్‌కు జతకట్టేందుకు రెసిన్ ఉండదు, గాలిలోని తేమతో కలిసి పొరను పెళుసు చేస్తుంది. కంటి అంచనా మాని, గీతలున్న కొలత కప్పు వాడండి. కలిపిన క్లియర్‌ను వేసవి మధ్యాహ్నం ఎక్కువసేపు నిల్వ ఉంచకండి. చిక్కబడినదానికి థిన్నర్ పోసి పలుచన చేసినా లోపల మొదలైన చర్య వెనక్కి పోదు. హార్డెనర్ డబ్బా మూత ప్రతిసారీ బిగించండి, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని రోజూ వదలండి. వానాకాలంలో ఈ రెండూ మరచిపోతే ఎంత ఖరీదైన క్లియర్ కొన్నా దండగే.

ఇప్పటికే రంధ్రాలు పడిన భాగాలను బఫింగ్‌తో కప్పిపుచ్చలేరు. పూర్తిగా గట్టిపడనిచ్చి, రంధ్రాల అడుగు కనపడేవరకు రుద్ది, తిరిగి క్లియర్ కొట్టండి.

ప్రశ్న (ఉప్పల్ నుంచి): బంపర్ గీతల మీద స్ప్రే డబ్బా క్లియర్ నేనే కొట్టుకున్నాను. రెండు నెలలు బాగుంది. మరక ఏదో పడిందని పెట్రోలు గుడ్డతో తుడిస్తే ఆ భాగం మసకబారి జిగురైంది.

జవాబు: అంగళ్లలో దొరికే స్ప్రే డబ్బాల్లో అధిక భాగం హార్డెనర్ లేనివి. వాటిలో థిన్నర్ ఆవిరి కావడమే తప్ప అణువుల ముడి పడదు. అందువల్ల రెండు నెలలు కాదు, రెండేళ్లు గడిచినా ద్రావకం తగిలితే మళ్లీ మెత్తబడతాయి. డబ్బా అడుగున మీట నొక్కితే లోపలి హార్డెనర్ కలిసే టూకే స్ప్రే డబ్బాలు కూడా ఉన్నాయి. అవి ఖరీదు ఎక్కువ, మీట నొక్కిన తరువాత ఆ రోజులోనే వాడేయాలి. బంపర్ ప్లాస్టిక్ కనుక త్వరగా ఆరాలని హీట్ గన్ దగ్గరగా పెట్టకండి, అది వంకర తిరుగుతుంది.

ప్రశ్న (మియాపూర్ నుంచి): కొత్తగా రంగు వేయించిన కారును ఎప్పటి నుంచి కడగవచ్చు? వ్యాక్స్, సెరామిక్ కోటింగ్ ఎప్పుడు?

జవాబు: మొదటి వారం మంచినీళ్లు, మెత్తని గుడ్డ మాత్రమే వాడండి. బోరు నీరు వద్దు, ఎండలో ఆరిన చుక్కల చోట సున్నపు మచ్చలు మిగులుతాయి. లేత క్లియర్ వాటిని త్వరగా పట్టుకుంటుంది. పిట్ట రెట్ట, చెట్టు జిగురు, పక్కన కట్టడం జరుగుతుంటే సిమెంటు దుమ్ము పడితే ఆ పూటే నీళ్లు పోసి కడిగేయండి, గోటితో గీకవద్దు. బ్రష్షుల కారు వాష్‌కు నెల రోజులు దూరంగా ఉండటం మంచిది. వ్యాక్స్, సెరామిక్, పీపీఎఫ్ (రంగును కాపాడేందుకు అతికించే పారదర్శక ఫిల్ము) మూడూ పైపొరను మూసేసేవే; గాలికి ఆరనిచ్చిన పనికి కనీసం 30 రోజులు ఆగాలి. బేక్ చేసిన పనికి ఈ గడువు తగ్గవచ్చు. అయితే ఎన్ని రోజులన్నది ఆ క్లియర్ తయారీదారు ఇచ్చిన టెక్నికల్ డేటా షీట్ చూసి చెప్పమనండి, నోటి మాటగా కాదు.

ప్రశ్న (ఒక గృహిణి, నారాయణగూడ నుంచి): మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకరు పెయింటర్‌ను పిలిపించి కారుకు రంగు వేయిస్తున్నారు. వాసన పై అంతస్తుల వరకు వస్తోంది. ఇది ప్రమాదమా? పని చేసే అబ్బాయి ముఖానికి చేతిరుమాలు కట్టుకుంటున్నాడు.

జవాబు: ప్రమాదమే, ఆ పని అక్కడ ఆపించండి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువైనది, సెల్లార్ నేల మీద పేరుకుంటుంది. నీళ్ల మోటారు స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు అది అంటుకోవడానికి. వాసన కంటే ఆందోళన కలిగించేది ఆ అబ్బాయి చేతిరుమాలు. టూకే క్లియర్ తుంపరలోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు పడకపోతే ఉబ్బసం వస్తుంది. ఒకసారి శరీరానికి అది పడకుండా పోయిందంటే తరువాత కొద్దిపాటి మోతాదు తగిలినా ఊపిరి ఆడదు. ప్రమాదకరమైన మోతాదులో కూడా దానికి వాసన తెలియదు, కనుక వాసన తగ్గిందని మాస్కు తీయడం కుదరదు. గుడ్డ గానీ, ఆసుపత్రి మాస్కు గానీ దానిని ఆపలేవు. బయటి నుంచి మంచి గాలి గొట్టంతో అందించే మాస్కు దీనికి సరైనది. పెయింటర్లు సాధారణంగా వాడే కార్ట్రిడ్జ్ మాస్కు దాని కంటే తక్కువ రక్షణే ఇచ్చినా, రుమాలు కంటే ఎంతో మేలు.

రంగు వేయించుకుంటున్న వారికి మరో మాట కూడా చెప్పండి. సెల్లార్‌లో గాలి ఆడదు, చల్లగా, చెమ్మగా ఉంటుంది. క్లియర్ గట్టిపడటానికి అంతకంటే ప్రతికూలమైన చోటు అపార్ట్‌మెంట్‌లో మరొకటి లేదు. పొరుగువారి ఆరోగ్యం గురించి చెబితే వినని యజమాని, కారు మెరుపు పోతుందంటే వింటాడు.